తవుడు, పిప్పి, ఆకుపచ్చ బూజు: ఇక్కడ నా పని

వీసా మీద హెల్పర్ అని ఉంటుంది గానీ ఇక్కడ నేను చేసేది ట్రైకోడెర్మా పెంచే పని. నేలలో ఉండే మేలు చేసే బూజు అది, వేరుకుళ్ళు తెచ్చే ఫ్యూజేరియం, పిథియం లాంటివాటిని పెరగనివ్వదు. దానికి మేం పెట్టే మేతంతా మిల్లుల్లో మిగిలిపోయేదే, గోధుమ తవుడు, చెరకు పిప్పి, రంపపు పొట్టు. పిప్పి ఒక్కటే వేస్తే నత్రజని చాలక బూజు పల్చగా వస్తుంది, తవుడు ఒక్కటే అయితే ముద్దకట్టేసి లోపలికి గాలాడదు, అందుకే రెండూ కలుపుతాం.

సరుకు చవకే కదా అని పని తేలిక అనుకోకండి, పనితనం అంతా తడి దగ్గరే ఉంది. నాకింకా ఇక్కడి భాష రాని రోజుల్లో ఒక సీనియర్ నా చేత్తోనే చేయించి నేర్పింది ఇదే, కలిపింది పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనపడాలి, ధార కారితే తడి ఎక్కువ, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువ. తర్వాత సంచుల్లో నింపి, ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టి, పూర్తిగా చల్లారాకే కల్చర్ (ముందే విడిగా పెంచి ఉంచిన ట్రైకోడెర్మా) కలిపి, 25-30 డిగ్రీల గదిలో ఉంచుతాం. బూజు పెరిగేటప్పుడు దానంతట అదే వేడి పుట్టిస్తుంది, సంచి మరీ లావుగా నింపితే మధ్యలో ఉన్నది ఆ వేడికే చచ్చిపోతుంది.

ముందు తెల్లటి దారాల్లా అల్లుకుని, వెలుతురు తగిలాక ఆకుపచ్చగా మారుతుంది, ఆ పచ్చదనమే స్పోర్లు, అంటే బూజుకి విత్తనాల్లాంటివి. కొన్ని రకాలైతే కొబ్బరి వాసన కూడా వేస్తాయి, నాకు చాలా ఇష్టం అది. నల్లగానో ఆరెంజ్‌గానో మచ్చ కనపడినా, పుల్లటి వాసన కొట్టినా ఆ సంచి విప్పకుండానే మళ్ళీ ఆటోక్లేవ్‌కి పంపేయాలి.

ఇంకోటి, పుట్టగొడుగుల ఫామ్‌లో చేసేవాళ్ళతో రూమ్ షేర్ చేసుకుంటుంటే మీ డ్యూటీ బట్టలు విడిగా ఉతుక్కోండి, మనం ప్రాణంలా పెంచే ఈ ఆకుపచ్చ బూజే వాళ్ళు పుట్టగొడుగులు పెంచే బెడ్లలో పడితే పంట పోతుంది, పాపం వాళ్ళ పని కూడా మనలాంటి పనే.

కొత్తగా వచ్చేవాళ్ళు మాస్క్ విషయంలో అస్సలు మొహమాటపడొద్దు. ఆరిన సరుకు జల్లెడ పట్టేటప్పుడు స్పోర్ల దుమ్ము కళ్ళకి కనపడేంతగా లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు, అలర్జీ వచ్చేస్తాయి, ఎన్95 ఇవ్వకుండా ఆ గదిలోకి పొమ్మంటే పోకండి, ఆస్తమా ఉంటే చేరిన రోజే చెప్పి వేరే సెక్షన్ అడగండి.