లిస్ప్ ఎక్కడ నేర్చుకోవాలంటే

మా ఆఫీసులో పని వెంచర్ల లేఅవుట్లు గీయడం. ప్లాట్లన్నీ గీశాక ఒక్కోదాని విస్తీర్ణం గజాల్లో రాయాలి. ఏరియా చూసి, క్యాలిక్యులేటర్ కొట్టి, టెక్స్ట్ పెట్టి... అంతా అయ్యాక రోడ్డు వెడల్పు మార్చమని ఓనర్ నుంచి ఫోను. ఆ చాకిరీ తప్పించుకోవడానికే ఆటోలిస్ప్ పట్టుకున్నాను. మేం డ్రాయింగులు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్‌లో సొంత ప్రోగ్రాములు రాసుకునే భాష అది, పొట్టిగా లిస్ప్ అంటాం. ఇప్పుడు జూనియర్లు "అక్కా, ఏ వీడియో చూశావు?" అని అడుగుతుంటారు.

వీడియోలు నాకు పెద్దగా పనికిరాలేదు. ఎవరో టకటకా బ్రాకెట్లు కొడుతుంటే చూడడం, పక్కింటి వంట చూసి కడుపు నింపుకోవడమే. నాకు ఎక్కువ నేర్పింది డ్రాయింగే. ఎంట్‌సెల్ అనే ఫంక్షన్‌తో ఒక ప్లాటు గీతను పట్టుకుని, దాన్ని ఎంట్‌గెట్ అనే ఇంకో ఫంక్షన్‌కి ఇస్తే దాని జాతకమంతా కమాండ్ లైన్‌లో పడుతుంది. 8 పక్కన లేయర్ పేరు, 10 పక్కన ఒక్కో మూల, 70 పక్కన 1 ఉంటే మూసిన గీత, 0 ఉంటే తెరిచిన గీత. ఇలా సర్కిల్‌ని, టెక్స్ట్‌ని, బ్లాక్‌ని కూడా విప్పి చూస్తే సగం భయం పోతుంది. ఆ అంకెలను డీఎక్స్ఎఫ్ కోడ్‌లంటారు, వాటి అర్థాలు ఆటోకాడ్ తయారుచేసే ఆటోడెస్క్ వాళ్ల హెల్ప్‌లో డీఎక్స్ఎఫ్ భాగంలో ఉన్నాయి. ఒక్కో ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో ఉదాహరణలతో సహా ఆ హెల్ప్‌లోనే దొరుకుతుంది. ఇంగ్లీషు కాస్త పొడిగా ఉంటుంది, అంతే.

ఆటోలిస్ప్ 1986 నుంచి ఆటోకాడ్‌లో ఉన్న భాష. పాత కోడ్ చాలావరకు ఇప్పటికీ నడుస్తుంది కాబట్టి పాత పాఠాలను చిన్నచూపు చూడొద్దు. మొదలుపెట్టడానికి ఆఫ్రాలిస్ప్ అనే వెబ్‌సైట్‌లోని పాఠాలు బాగుంటాయి. కాస్త చేయి తిరిగాక లీ మాక్ అనే ప్రోగ్రామర్ సైట్‌లోని లిస్ప్ ప్రోగ్రాములు తెరిచి చదవండి. ఊరికే లోడ్ చేసుకుని వాడితే ఏమీ రాదు.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు లేఅవుట్ ఫైలు మొత్తం పంపకండి. ఒకే ఒక్క ప్లాటు ఉన్న చిన్న డ్రాయింగ్, వెర్షన్, వచ్చిన ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా పంపండి. "బ్యాడ్ ఆర్గ్యుమెంట్ టైప్: నంబర్‌పీ: నిల్" అని ఉందంటే అంకె ఉండాల్సిన చోట ఏమీ లేదని అర్థం. అది తెలిస్తే సగంసార్లు ఎవరినీ అడగాల్సిన పనే ఉండదు.

అసలు టెన్షన్ ఎర్రర్ రాని తప్పులతోనే. ప్రోగ్రాం లెక్క సరిగ్గా వేసినా గీత పక్క ప్లాటు మూలకు అతుక్కుంటుంది. కారణం, పాయింట్‌ని దగ్గర్లోని గీత చివరకో మూలకో లాగే ఆబ్జెక్ట్ స్నాప్ ఆన్‌లో ఉండడం. కమాండ్ ఫంక్షన్‌తో ఇచ్చిన పాయింట్‌ని కూడా అది లాగేసుకుంటుంది. ఆ స్నాప్ సెట్టింగ్ పేరు ఓఎస్‌మోడ్, ప్రోగ్రాం మొదట్లో దాని పాత విలువను దాచుకుని, 0 పెట్టి, పనయ్యాక తిరిగి పెట్టాలి. మధ్యలో ఎస్కేప్ నొక్కినా తిరిగొచ్చేలా ఎర్రర్ ఫంక్షన్ కూడా రాసుకోవాలి.

చాట్‌బాట్‌ని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. నేనూ అడుగుతాను. కానీ అసలు లేని ఫంక్షన్ పేర్లను కూడా అది ధీమాగా రాసిచ్చేస్తుంది. పేరు హెల్ప్‌లో కనిపించకపోతే ఆ కోడ్ జోలికి పోను. బయటినుంచి వచ్చిన ఫోల్డర్లో డ్రాయింగుల పక్కన ఆకాడ్‌డాక్ పేరుతో లిస్ప్ ఫైలు ఉంటే ముందు దాని సంగతి చూడండి. అది మనం పిలవకుండానే లోడైపోయే రకం, వైరస్‌లు ఆ దారినే వచ్చేవి.

ఆటోకాడ్‌లో తక్కువ సదుపాయాలుండే ఎల్‌టీ రకం వాడేవాళ్లకు 2024 వెర్షన్ నుంచే లిస్ప్ ఉంది. అంతకు ముందుదైతే కోడ్ ఎంత బాగున్నా నడవదు.

మొదటి ప్రోగ్రాంగా ఈ గజాల లెక్కే రాయమంటాను. డ్రాయింగ్ మీటర్లలో ఉంటే ఏరియాను 0.8361తో, అడుగుల్లో ఉంటే 9తో, అంగుళాల్లో ఉంటే 1296తో భాగించాలి. యూనిట్ ఏదో ప్రోగ్రాం మొదట్లోనే అడిగేలా రాయండి. సర్వేయర్ ఫైలు మీటర్లలో, ఆర్కిటెక్ట్ ఫైలు అంగుళాల్లో రావడం మాకు రోజూ ఉండేదే.