కళ్ళకద్దుకున్న పుస్తకం

ఇంగ్లండ్‌లో పదకొండేళ్ళుగా మధ్యయుగపు రాతప్రతులతో పని చేస్తున్నాను. మొన్న గురువారం దాకా ఎవరిచేతా మాట పడలేదు. ఆ సాయంత్రం, 15వ శతాబ్దంలో ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు) తయారైన ప్రార్థనల పుస్తకాన్ని తిరిగి ఇచ్చేముందు అలవాటుగా కళ్ళకద్దుకున్నాను. "అలా మొహానికి తాకించకూడదు" అన్నారు కౌంటర్‌లో ఉన్నావిడ, రీడింగ్ రూమ్‌లో అందరికీ వినబడేలా. సారీ చెప్పి బయటపడ్డాను.

రైలెక్కాక కూడా అదే ఆలోచన. నేనెక్కడ అజాగ్రత్తగా ఉన్నాను? చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకునే పుస్తకం ముట్టుకుంటాను. పెన్ను లోపలికి తీసుకెళ్ళను. పుస్తకం వీపు విరగకుండా ఫోమ్ దిండ్ల మీద సగమే తెరిచి చదువుతాను. గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళకి స్పర్శ తెలియక పార్చ్‌మెంట్ (రాయడానికి సిద్ధం చేసిన జంతు చర్మం) అంచు చిరిగే ప్రమాదముందని, శుభ్రమైన వట్టి చేతులే మంచివని ఇక్కడివాళ్ళే నేర్పారు. వేలికొసతోనే తెలుస్తుంది, ఇది చర్మానికి వెంట్రుకలున్న వైపా, మాంసం వైపా అని. పుస్తకానికి కాలు తగిలితే ప్రాణం విలవిల్లాడే ఇంట్లో పెరిగాను. నాకా జాగ్రత్త చెప్పేది!

ఆ పుస్తకంలో మేరీమాత ముఖం చెరిగిపోయి ఉంది. చెరిపింది చెదలు కాదు, తేమ కాదు, భక్తుల ముద్దులు. ఆ కాలంలో బొమ్మల్ని ముద్దాడేవారు, వేళ్ళతో నిమిరేవారు. పూజ చేయించే ఫాదర్లు శిలువ బొమ్మను ముద్దాడితే రంగు పోతుందని, కొన్ని పూజా పుస్తకాల్లో పేజీ అడుగున ముద్దు కోసమే చిన్న శిలువ విడిగా వేసేవారు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో పనిచేసే కళాచరిత్రకారిణి కాథరిన్ రూడీ, పేజీల అంచున మురికి ఎంత నల్లగా ఉందో డెన్సిటోమీటర్‌తో కొలిచి, చదివినవాళ్ళ చేతులు ఏ ప్రార్థన దగ్గర ఎక్కువగా ఆడాయో 2010లో చూపించారు. నేను చదువుకున్నదీ, జీతం తీసుకుంటున్నదీ అలాంటి మరకల కోసమే. వాళ్ళ ముద్దు చరిత్ర అయినప్పుడు నా దణ్ణం తప్పెలా అవుతుంది?

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదే అడిగాను.

"తాతయ్య తాటాకుల కట్ట నిన్నెప్పుడైనా ముట్టుకోనిచ్చారటే?" అంది.

నిజమే, ముట్టుకోనివ్వలేదు. సరస్వతీ పూజనాడు ఆయనే ఎర్రగుడ్డ విప్పేవారు. మేం గడప ఇవతల నుంచే దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఆయన్ని చూసి ఎవరూ నొచ్చుకోలేదు. ఇంట్లోవాళ్ళ కోప్పడటం వేరు, నలుగురిలో పరాయివాళ్ళ చేత అనిపించుకోవడం వేరు. కానీ నా మొహం మీది క్రీము, చెమట ఆ పాత మరకలో కలిస్తే, రేపు కొలిచేవాళ్ళకి దొరికేది ఎవరి భక్తి?

నిన్న మళ్ళీ అదే పుస్తకం తెప్పించుకున్నాను. ఇచ్చేముందు బల్లకింద, ఒళ్ళోనే చేతులు జోడించుకున్నాను.