బీపీ మిషన్ పాడవలేదు

మా పిన్ని కూతురికి 26 ఏళ్లు. జడ వేసుకుంటుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందని ఆరు నెలలుగా అంటూనే ఉంది. రక్తం తక్కువైందిలే, దానిమ్మ తిను అని మేమంతా తేల్చేశాం (నాతో సహా). గుంటూరులో ఇంటి దగ్గర క్లినిక్‌లో ఎడమ చేతికి పట్టీ చుడితే రీడింగ్ రాలేదు, మిషన్ పాడైందేమోనని నర్సు కుడి చేతికి మార్చింది, 150 వచ్చింది. రెండుసార్లు ఇదే తంతు. మూడోసారి ఒక పెద్ద డాక్టరుగారు మిషన్ పక్కన పెట్టి రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని చూశారు. ఎడమ వైపు నాడి అందలేదు.

తకయాసు ఆర్టరైటిస్ కావచ్చన్నారు. 1908లో మికితో తకయాసు అనే జపాన్ కంటి డాక్టరు ఒక అమ్మాయి కంటి రక్తనాళాల్లో వింత మార్పులు చూసి చెప్పాడట, ఆయన పేరే ఉండిపోయింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, దాని కొమ్మల గోడలు వాచిపోతాయి. ఎక్కువగా 40 ఏళ్లలోపు ఆడవాళ్లకే వస్తుంది.

కొత్తపేటలో డాప్లర్ (రక్తనాళాలు చూసే అల్ట్రాసౌండ్) తీసినాయన మెడలోని నాళం చూపించి, గోడ సన్నగీతలా ఉండాలమ్మా, ఇక్కడ చూడండి చేతి గాజులా చుట్టూ ఎంత మందంగా ఉందో అన్నారు. కానీ ఛాతీలోపలి ధమని ఆ ప్రోబుకి సరిగ్గా అందదు, అందుకని విజయవాడ సూర్యారావుపేటకి పరుగెత్తి ఎమ్మార్ యాంజియో (ఎమ్మారై మిషన్‌లో రక్తనాళాల ఫొటో) తీయించాం. సీటీలోనూ తెలుస్తుంది గానీ, చిన్న వయసు, మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తుంది, రేడియేషన్ ఎందుకన్నారు. నాళంలోకి సన్నగొట్టం పంపి రంగుమందు ఎక్కించి తీసే మామూలు యాంజియోగ్రామ్ ఎందుకు చాలదని అడిగాను. అందులో రక్తం పారే దారే కనిపిస్తుంది, దారి ఇరుకయ్యాక గానీ జబ్బు బయటపడదు, గోడ వాపు అంతకుముందే మొదలవుతుంది. కాలవలో నీళ్లు చూసి గట్టు ఎలా ఉందో చెప్పలేం కదా!

అసలు టెన్షన్ పెట్ సీటీ దగ్గర. వాపు ఉన్నచోట కణాలు గ్లూకోజ్ ఎక్కువ పీల్చుకుంటాయి, అందుకే కాస్త రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్‌లాంటి మందు ఎక్కించి, స్కాన్‌లో ఎక్కడ వెలుగుతోందో చూస్తారు. కనీసం ఆరు గంటలు పస్తుండాలి. మా పిన్ని పులిహోర డబ్బాతో వచ్చి చివాట్లు తింది. "ముందు స్టెరాయిడ్ మొదలెట్టండి, స్కాన్ తర్వాత చూద్దాం" అని కూడా ఆవిడే పట్టుబట్టింది. వాపు తగ్గించే ఆ స్టెరాయిడ్ పడితే కొద్ది రోజులకే స్కాన్‌లో ఆ వెలుగు తగ్గిపోతుంది, ఈ అమ్మాయికి రెండు రోజులు ఆగినా ఫరవాలేదన్నారు డాక్టరుగారు. అదే 50 దాటినవాళ్లలో వచ్చే జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనుమానమైతే, అంటే కణతల దగ్గర కొత్తగా నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక, అప్పుడు స్కాన్ కోసం మందు ఆపకూడదట, ఆలస్యమైతే కన్ను పోవచ్చు.

మందులు నడుస్తున్నాయి. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఎవరైనా ఎడమ చేతికి పట్టీ చుట్టబోతే, "అక్కడ రాదండీ" అని తనే కుడి చెయ్యి చాపుతోంది.