ఇంటిపేరు కేసు

మా అమ్మాయి పేరున ఇల్లు దానపత్రం రాయిద్దామని 2025 జూన్‌లో అనుకున్నాను. రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నవంబరు ఆఖరు. ఈ ఆరు నెలలూ నన్ను తిప్పింది ఒక్క అక్షరం, 'టి'.

మాది బెంగళూరు తూర్పు అంచు. 2007లో ఏడు మున్సిపాలిటీలు, ఒక టౌను మున్సిపాలిటీ, 110 ఊళ్లు పాత కార్పొరేషన్లో కలిపి బీబీఎంపీ అనే పెద్ద నగర కార్పొరేషన్ చేశారే, అప్పుడు నగరంలో కలిసిన ఊరు. 2009లో థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలం కొని, రెండేళ్లకు ఇల్లు కట్టుకున్నాం. సేల్ డీడ్‌లో నేను 'టి. వి. రమణమూర్తి'. ఆధార్‌లో 'తోట వెంకట రమణమూర్తి'. పద్నాలుగేళ్లపాటు ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఏ గొడవా లేకుండా కాపురం చేశారు. ఒకడు ఇంటిపన్ను కట్టేవాడు, ఇంకొకడు కరెంటు బిల్లు కట్టేవాడు.

2024 అక్టోబరు నుంచి ఇక్కడ ఈ-ఖాతా లేనిదే ఆస్తి రిజిస్ట్రేషన్ లేదు. ఖాతా అంటే హక్కు పత్రం కాదు. ఫలానా ఆస్తికి పన్ను కట్టాల్సింది ఫలానావాడు అని కార్పొరేషన్ రాసుకునే పద్దు. చేత్తో రాసిన ఆ రిజిస్టర్లను స్కాన్ చేసి, 20 లక్షలకు పైగా ముసాయిదా ఖాతాలు వెబ్‌సైట్లో పెట్టారు. మంచి పనే. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు అన్నారు. నేను నమ్మాను.

ముసాయిదాలో నా ఇల్లు దొరికింది. ఆధార్ ఓటీపీ, డీడ్ నంబరు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు), పన్ను రసీదు, కరెంటు కంపెనీ బెస్కాం వాళ్ల నంబరు, ఇంటి ముందు నిలబడి తీసిన ఫొటో, అన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం ఎక్కించేశాను. ఆఖర్న ఎర్రక్షరాల్లో వచ్చింది: పేర్లు సరిపోలలేదు, మీ దరఖాస్తు ఆఫీసు పరిశీలనకు వెళ్తుంది. అంటే మొహం చూడాల్సిందే.

ఆఫీసు పేరు చెప్పను. అక్కడ నాకు ఇంకా పనులుంటాయి. మొదటి అంతస్తు, మెట్ల పక్కన విరిగిన కుర్చీల గుట్ట, నాలుగు టేబుళ్లకు ఇద్దరు మనుషులు. కేస్ వర్కరు కుర్రాడే. గద్దించడు, లంచం అడగడు. 'నాళె బన్ని సార్', రేపు రండి అంటాడు, అంతే. 90ల్లో బెంగళూరు తలుపుల మీద దయ్యానికి 'నాళె బా' అని రాసేవారట. మా ఊళ్లోనూ గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని బొగ్గుతో రాసిన రోజులు నాకు గుర్తే. రోజూ వచ్చి ఆ మాట చదువుకుని తిరిగిపోయే దయ్యం బాధేమిటో ఈ వయసులో తెలిసింది.

ఆగస్టులో దరఖాస్తు తిరగ్గొట్టారు. కారణం గడిలో 'నేమ్ మిస్‌మ్యాచ్' అని రెండు మాటలు. ఏం తేవాలో లేదు. అది చెప్పింది ఆఫీసు కింద జిరాక్స్ కొట్టు అతను. పలమనేరు మనిషి. నా కాగితాలు ఇలా తిప్పి చూసి, "పెద్ద కేసేం కాదులే సార్, ఇంటిపేరు కేసు. మనోళ్లందరిదీ ఇదే గొడవ. ఇంటిపేరు ముందర పెడతాం, దాన్ని పొడి అక్షరం చేస్తాం, ఆధార్ దగ్గర మాత్రం మొత్తం విప్పుతాం," అన్నాడు. ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్టు, దానికి పాన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్టు జత. ఆ టెన్త్ సర్టిఫికెట్టు కోసం అట్టపెట్టెలన్నీ దించాం. దొరికింది. అందులో నేను 'తోట వి. రమణమూర్తి'. మూడోవాడు!

ఆ వారంలోనే మదనపల్లె నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"మీ కౌన్సిలరును పట్టుకోరాదా అన్నా? ఒక్క ఫోన్ చేస్తే అయిపాయె."

"లేడయ్యా."

"ఊళ్లో లేడా?"

"అసలు లేడు."

అవతల కాసేపు మాట లేదు. కోటికి పైగా జనం ఉన్న ఊళ్లో కార్పొరేటరు లేడంటే నేనే ఏదో దాస్తున్నాననుకున్నాడు.

దాచడానికేముంది. అప్పటికి మా వార్డులో చివరిసారి ఎన్నిక జరిగింది 2015 ఆగస్టులో. గెలిచినాయన గడువు 2020 సెప్టెంబరు 10న తీరింది. గడువు తీరకముందే ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగంలోనే ఉంది, 243యూ అధికరణం. ఆరు వారాల్లో జరపమని ఆ డిసెంబరులో హైకోర్టు కూడా చెప్పింది. సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. అక్కణ్ణుంచి వార్డుల లెక్క మొదలైంది. 198 వార్డులు 243 అయ్యాయి, 243 కాస్తా 225 అయ్యాయి. ఒక్కో లెక్కకూ హద్దులు, అభ్యంతరాలు, కేసులు. అప్పుడు బీజేపీ ప్రభుత్వం, 2023 మే నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం. పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు ఈ ఒక్క సంగతిలో మాత్రం అన్నదమ్ములు. కార్పొరేటరు లేకపోతే డబ్బూ పెత్తనమూ పైవాళ్ల చేతిలోనే ఉంటాయి కదా, వాళ్లకేం తొందర?

పాత కార్పొరేటరు మహానుభావుడని నేననను. ఆయన హయాంలో మా వీధి డ్రైనేజీ రెండుసార్లు తవ్వి ఒక్కసారే పూడ్చారు. కానీ పొద్దున ఏడింటికి పార్కు దగ్గర టీ తాగుతూ దొరికేవాడు. నాలుగు తిట్లు తిట్టినా నవ్వుతూ పడేవాడు, మళ్లీ ఓటు అడగాలిగా. ఇప్పుడా ఆఫీసులో మొబైల్ రిపేరు షాపు ఉంది. ఒక పెళ్లిలో కలిస్తే నా గోడు చెప్పుకున్నాను. ఆయన లడ్డూ ముక్క నోట్లో వేసుకుని, "నా ఖాతా కూడా పెండింగే సార్," అన్నాడు. ఎమ్మెల్యేగారి ఆఫీసులో వివరాలు వాట్సాప్ చేయమన్నారు. చేశాను. నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత ఆ నంబరు నుంచి పండగ శుభాకాంక్షలు మాత్రం తప్పకుండా వస్తున్నాయి, ఫొటోతో సహా.

సెప్టెంబరు 2న బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, వాటి మీద గ్రేటర్ బెంగళూరు అథారిటీ. మర్నాడు నేను వెళ్లేసరికి పాత బోర్డు మీద కొత్త ఫ్లెక్సు కట్టి ఉంది. గాలికి ఒక మూల లేచినప్పుడల్లా కింద పాత పేరు కనపడుతోంది. పైన అవే నాలుగు టేబుళ్లు, అదే కుర్రాడు. లాగిన్లు మారుతున్నాయి, ఓ వారం ఆగమన్నాడు. ఆ వారం కాస్తా సెప్టెంబరు దాటింది. అక్టోబరులో కులగణన సర్వే బెంగళూరులో మొదలైంది, కుర్రాడు ఆ డ్యూటీకి వెళ్లిపోయాడు. నెలంతా ఆ టేబుల్ ఖాళీ. సకాల చట్టం గుర్తొచ్చి రెండో టేబుల్ ఆయన్ని అడిగాను. ఆఫీసు పని ఆలస్యమైతే దరఖాస్తు పెట్టినవాడికి రోజుకు 20 రూపాయలు, 500 మించకుండా ఇవ్వాలని 2011లో చేసిన చట్టం. ఆయన కోపం తెచ్చుకోలేదు. "కావాలంటే నేనే ఇస్తాను సార్," అని జేబు తడుముకున్నాడు.

నవంబరులో కుర్రాడు తిరిగొచ్చాడు. అఫిడవిట్టు చూశాడు, సరే అన్నాడు, స్క్రీన్ నా వైపు తిప్పాడు. కన్నడం మనకు సగం చదవొస్తుంది కదా, చూస్తే నా పేరు 'థోటా వెంకటా రమనా మూర్తీ' అని ఉంది. ఇంగ్లిషులో టీ పక్కన హెచ్ ఉంది కాబట్టి కంప్యూటరు దానికి వత్తు పెట్టింది, చివర్న ఉన్న ప్రతి 'ఎ'కీ దీర్ఘం ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. తోట అంటే కన్నడంలోనూ తోటే. తెలుగు నుంచి కన్నడానికి గోడ దూకితే అయిపోయేదానికి ఇంగ్లిషు చుట్టూ తిప్పి తెచ్చారు. అక్కడున్న పాత కాగితం తీసుకుని కన్నడంలో రెండక్షరాలు రాసి చూపించాను.

"అయ్యో, తోటానా? మొదలే హేళబారదా సార్!" అన్నాడు. ముందే చెప్పొద్దా అని. పక్క టేబుల్ ఆయన్ని కూడా పిలిచి చూపించాడు, ఇద్దరూ నవ్వారు. అయిదు నిమిషాల్లో దిద్దేశాడు. అయిదు నెలలుగా ఆ అయిదు నిమిషాలు ఎవరి దగ్గరున్నాయో మరి.

పై అధికారి ఆమోదం పడి ఫైనల్ ఈ-ఖాతా వచ్చేసరికి ఇంకో పది రోజులు. జిరాక్స్ కొట్టులోనే ప్రింటు తీయించాను. పేరు సరిగ్గా ఉంది, చదరపు అడుగులు సరిగ్గా ఉన్నాయి, ఫొటోలో నేనూ మా గేటూ ఉన్నాం. వార్డు నంబరు మాత్రం పాతది, 198 వార్డులున్న కాలం నాటిది. కొత్త లెక్కలో అయిదు కార్పొరేషన్లకూ కలిపి 369 వార్డులట. మా ఇల్లు ఏ వార్డులో పడిందో నాకూ తెలీదు.

"ఇది కూడా దిద్దించాలా?" అని అడిగాను.

అతను నా చేతిలోంచి కాగితం తీసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాడు. "దాని జోలికి పోవద్దు సార్. రిజిస్ట్రారు ఆ గడి చూడడు. నలభై రూపాయలు ఇవ్వండి."