బొగ్గు గనుల జిల్లాలో లేబర్‌కి నాలుగు సీట్లు

రాత్రి రెండింటి రౌండ్ అయిపోయాక మా కేర్ హోమ్‌లో ఒక్క గదిలోనే లైటు వెలుగుతుంటుంది. అందులో ఉండే ముసలాయనకు ఎనభై దాటాయి. ఇంగ్లండ్‌లోని డర్హమ్ జిల్లా ఈసింగ్టన్ బొగ్గు గనిలో పనిచేసినవాడు. పడుకుంటే దగ్గు, లేస్తే ఆయాసం, అందుకని మంచం తలవైపు ఎత్తు చేయించుకుని కూర్చుని టీవీ చూస్తుంటాడు. ఆ దగ్గు నాకు కొత్త కాదు. మా బాపు గోదావరిఖని పదకొండో ఇంక్లైన్‌లో ఫిల్లర్‌గా చేశాడు, మా ఇంట్లో తెల్లారేది ఆ దగ్గుతోనే. ఈ ముక్క చెప్పిన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'మారా' అంటున్నాడు. డర్హమ్ గనుల్లో పక్కన నిలబడి పనిచేసే తోటి కార్మికుణ్ణి అట్లా పిలుస్తారట. ఇంత ప్రేమగా పిలిచే మనిషి 2025 మే నెలలో రిఫార్మ్ పార్టీకి ఓటేశాడు.

నైజల్ ఫరాజ్ పార్టీ. నాలాంటివాళ్ళకు ఈ దేశంలో శాశ్వతంగా ఉండే వీసా అనేదే ఉండకూడదంటున్న పార్టీ. "వాళ్ళకు వేశారా?" అని అడిగితే, "నీ గురించి కాదు మారా, ఆ పడవల్లో సముద్రం దాటి వచ్చి దిగేవాళ్ళ గురించి" అన్నాడు, మందులు మింగడానికి నా చేతిలో నీళ్ళ గ్లాసు అందుకుంటూ. నేనేమీ అనలేదు. డ్యూటీలో రాజకీయం మాట్లాడకూడదు, అది ఒకటి, ఆయన గుక్క తిప్పుకోడానికే కష్టపడుతున్నాడు, అది ఇంకొకటి.

ఆయన ఒక్కడైతే పోనీలే అనుకోవచ్చు. 2025 మే 1న జరిగిన డర్హమ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికల్లో 98 సీట్లకు 65 రిఫార్మ్ ఎగరేసుకుపోయింది, కార్మికుల పార్టీగా పుట్టిన లేబర్‌కి దక్కినవి 4. నాలుగంటే నాలుగే! బ్రిటన్‌లో లేబర్ మొట్టమొదట గెలిచిన కౌంటీ కౌన్సిల్ ఇదే, 1919లో. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు వాళ్ళ చేతుల్లోనే ఉంది. లేబర్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ గెలుస్తూ వచ్చిన సెడ్జ్‌ఫీల్డ్ ఈ జిల్లాదే. ఇప్పటికీ ఏటా జులైలో గని కార్మికుల జాతర జరుగుతుంది, ఒక్కో గని పేరుతో ఒక్కో పెద్ద పట్టు బ్యానరు, ముందు బ్యాండు, వెనక జనం, మా దగ్గర బోనాల ఊరేగింపు వెళ్ళినట్టు వెళ్తారు. 1993లోనే గనులన్నీ మూతబడ్డాయి, బ్యానర్లు మాత్రం మిగిలాయి. ఫోన్లో బాపుకి ఈ రిజల్టు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన ఖనిల ఎర్రజెండా యూనియన్‌కు నాలుగోట్లు పడ్డట్టు గదరా" అన్నాడు.

నేను ఇక్కడికి రావడం వెనక కూడా బొగ్గు కథే ఉంది. సింగరేణి కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు వారసత్వ ఉద్యోగం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అది స్టేజీ మీదికొస్తుంది, అయిపోగానే దిగిపోతుంది. మా ఇంట్లో ఉన్న ఒక్క అవకాశం అన్నకు పోయింది. నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి, సారీ, ఒక దళారీకి లక్షలు పోసి కేర్ వర్కర్ వీసా తెచ్చుకున్నాను. 2022 అక్టోబరులో న్యూకాజిల్‌లో దిగాను. నేను దిగిన వారంలోనే ప్రధాని లిజ్ ట్రస్ దిగిపోయింది. తర్వాత రిషి సునాక్ ప్రధాని అయ్యేసరికి మా చిన్నత్త వాట్సాప్‌లో స్వీటు బొమ్మలు పంపించి, "మనోడే కదా కొడుకా, ఇగ నీకు ఢోకా లేదు" అంది. మనోడు ఏం చేశాడో తెలుసుగా. 2024 మార్చి నుంచి కేర్ వర్కర్లు భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదన్నారు. నా భార్యా బిడ్డా అంతకుముందే వచ్చేశారు కాబట్టి బతికిపోయాను, నాతో పనిచేసే గుంటూరు అమ్మాయి మాత్రం రెండేళ్ళ బాబుని అమ్మ దగ్గర వదిలి ఇప్పటికీ వీడియో కాల్‌లోనే పెంచుతోంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు మన రంగులోనూ ఉంటారు. వలసల మీద కఠినంగా మాట్లాడిన మన మూలాల మాజీ హోం మంత్రులు ప్రీతి పటేల్, సుయెల్లా బ్రేవర్‌మన్‌లను చూశాక కూడా మనోళ్ళు మనోళ్ళు అని మురిసిపోయేవాళ్ళను ఏమనాలి?

అసలు సంగతి, మనవాళ్ళలో చాలామందికి తెలియనిది, ఇక్కడ మనకు ఓటుంది. పౌరసత్వం అక్కర్లేదు. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, సరైన వీసా మీద ఇక్కడ ఉంటున్న ఇండియన్ పేరు నమోదు చేసుకుంటే చాలు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటెయ్యొచ్చు. మన పాస్‌పోర్టే ఐడీగా పనికొస్తుంది. మా హౌస్‌లో ఉండే ఇటలీ అతనికి పార్లమెంటు ఓటు లేదు, నాకుంది. ఈ సంగతి చెబితే "మనకేం తెలుసన్నా వీళ్ళ రాజకీయాలు" అంటారు. వీసా రూల్ మారిన రోజు మాత్రం గ్రూపులో రాత్రి పన్నెండు దాకా మెసేజీలు ఆగవు.

2024 జులై 4, గురువారం, పార్లమెంటు ఎన్నికలు. నైటు డ్యూటీ దిగి, ట్యూనిక్ మీద జాకెట్ వేసుకుని నేరుగా చర్చి హాలుకి వెళ్ళాను. పోలీసులు లేరు, క్యూ లేదు, వేలికి సిరా లేదు, సెలవు అసలే లేదు. గుమ్మం దగ్గర ఒక కుక్క, దాని యజమాని లోపల ఓటేస్తున్నాడు. ముగ్గురు పెద్దవాళ్ళు బల్ల వెనక కూర్చుని, ఒకావిడ నా నీలం పాస్‌పోర్టు తిరగేసి, నా ఇంటిపేరు రెండుసార్లు కూడబలుక్కుని, మూడోసారి నవ్వేసి, స్కేలు పెట్టి గీత గీసింది. దారం కట్టిన పెన్సిల్. బటన్ నొక్కి బీప్ వింటే గానీ ఓటేసినట్టుండదు నాకు, పెన్సిల్‌తో ఇంటూ పెట్టి మడిచి డబ్బాలో వేస్తే పంచాయతీ వార్డు మెంబరుకి వేసినట్టే అనిపించింది. లేబర్‌కి వేశాను. మా ఇంట్లో వేరే పార్టీ గుర్తు రాదు, ఇక్కడైనా అంతే.

గెలిచారు కూడా. 411 సీట్లు. కానీ వచ్చిన ఓట్లు 34 శాతం లోపే. రిఫార్మ్‌కి 14 శాతం ఓట్లొస్తే సీట్లు 5. ఇక్కడ కూడా మన దగ్గరలాగే ఎక్కువ ఓట్లొచ్చినవాడు గెలిచినట్టే కాబట్టి, ఆ పెద్ద అంకె చూసి పొంగిపోయినవాళ్ళకు కింద నేల ఎంత పలచగా ఉందో కనపడలేదు. నెల తిరక్కుండానే సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని కత్తితో పొడిచి చంపిన ఘటన తర్వాత, వలస వచ్చినవాళ్ళ మీద అల్లర్లు మొదలయ్యాయి. మాకు దగ్గర్లోని హార్టిల్‌పూల్, సండర్లాండ్‌లలో కూడా. ఆ వారం మా మేనేజరు ముదురు రంగు చర్మం ఉన్న స్టాఫందరికీ ట్యాక్సీలు పెట్టించింది. ట్యాక్సీ డ్రైవరు పాకిస్తానీ, ఆయనకు ట్యాక్సీ ఎవరు పెట్టారో తెలియదు.

ఇక ఆ తర్వాత లేబర్ చేసింది చూస్తే, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే. 2025 ఫిబ్రవరిలో సునాక్ పార్టీ అయిన కన్సర్వేటివ్ నాయకురాలు కెమి బేడనాక్, శాశ్వత వీసాకు ఐదేళ్ళు చాలదు, పదేళ్ళు ఉండాలంది. మేలో కౌన్సిళ్ళు ఓడిపోయిన పది రోజులకే లేబర్ ప్రధాని కియర్ స్టార్మర్ అదే పదేళ్ళు పట్టుకొచ్చి, పైగా ఈ దేశం అపరిచితుల ద్వీపమైపోతుందని ఉపన్యాసం ఇచ్చి, తర్వాత ఆ మాట అనకుండా ఉండాల్సిందన్నాడు. జులై 22 నుంచి బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. సెప్టెంబరులో ఫరాజ్ ఆ శాశ్వత వీసానే రద్దు చేస్తానంటే, స్టార్మర్ అది జాత్యహంకార విధానం, అనైతికం అన్నాడు. అబ్బ, ఇన్నాళ్ళకు నోరు తెరిచాడని సంబరపడ్డాను. రెండు నెలలు కాలేదు, నవంబరు 20న హోం మంత్రి షబానా మహమూద్ మామూలువాళ్ళకు 10 ఏళ్ళు, కేర్ వర్కర్లలాంటివాళ్ళకు 15 ఏళ్ళు అని ప్రకటించింది. ఇప్పటికే ఇక్కడున్నవాళ్ళకు కూడా! 2026 ఫిబ్రవరి 12 దాకా గడువిచ్చి అభిప్రాయాలు అడిగారు, కానీ ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది.

శాశ్వత వీసాకు నా లెక్క 2027 అక్టోబరు. ఆ ప్రతిపాదన ప్రకారం అది 2037. అప్పటికి మా పాపకు పద్దెనిమిది నిండుతాయి. అప్పటిదాకా హోమ్ మూతబడినా, మాకు వీసా ఇప్పించే స్పాన్సర్ లైసెన్స్ హోమ్‌కి పోయినా, అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. మా హోమ్‌లో ఎవరూ జీతం గురించి గట్టిగా అడగరు, ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

ఇంత కడుపుమంట ఉన్నా నేను రిఫార్మ్ వైపు ఒక్క అడుగు వెయ్యను. మా రెడింగ్ ఊరి బ్యాచ్ ఐటీ ఫ్రెండ్స్ కొందరు ఉన్నారు, "మేం ట్యాక్సులు కడుతున్నాం బ్రో, ఆ కేర్ వీసాలు, డిపెండెంట్లు వచ్చాకే మన పేరు చెడింది, ఫరాజ్ చెప్పేదాంట్లో లాజిక్ ఉంది" అంటారు. ఆ లాజిక్ వాళ్ళ గుమ్మం దాకా వచ్చినప్పుడు చూడాలి. ఫరాజ్ రద్దు చేస్తానన్న వీసా కేర్ వర్కర్లది మాత్రమే కాదు నాయనా, మీ లక్ష పౌండ్ల జీతగాళ్ళు ఎక్కాల్సిన మెట్టు కూడా అదే.

లేబర్ దగ్గర మంచి లేదా అంటే ఉంది, దాన్ని చెప్పుకోవడం చేతకాదు. కేర్ వర్కర్లందరికీ యూనియన్లు, యజమానులు కూర్చుని జీతం ఖాయం చేసే ఒప్పందం తెస్తున్నారు, 50 కోట్ల పౌండ్లు పెడతామన్నారు. కానీ అది 2028లో. అదే చేత్తో ఉద్యోగుల జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెంచారు, ఆ దెబ్బకు చిన్న హోమ్‌లు బిక్కచచ్చిపోయాయి. నాకైతే కేర్ గురించి మనసుపెట్టి మాట్లాడేది లిబరల్ డెమొక్రాట్ పార్టీ నాయకుడు ఎడ్ డేవీ ఒక్కడే అనిపిస్తాడు, ఇంట్లో వికలాంగుడైన కొడుకు ఆలనా పాలనా చూసుకునే మనిషి, మా కనీస వేతనం గంటకు రెండు పౌండ్లు ఎక్కువ ఉండాలన్నాడు. ఏం లాభం, ప్రచారంలో చెరువులో పడుతూ ఫోటోలు దిగేవాడిగానే గుర్తుంటాడు జనానికి.

2029 ఆగస్టులోపు ఎన్నికలు జరగాలి. 2025 వసంతం నుంచి ఆ ఏడాదంతా దాదాపు సర్వేలన్నిట్లో రిఫార్మే ముందుంది, 30 శాతం అటూ ఇటూ. లేబర్‌కి 34 శాతంతో 411 ఇచ్చిన పద్ధతే రేపు వాళ్ళకు అధికారం ఇవ్వొచ్చు, ఆ కత్తికి తన పర తేడా ఉండదు. అయినా ఖాయమని నేను ఒప్పుకోను. 2025 అక్టోబరులో వేల్స్‌లోని కెర్ఫిల్లీలో ఉప ఎన్నిక జరిగింది, అదీ పాత బొగ్గు ప్రాంతమే, వందేళ్ళు లేబర్ కోట. రిఫార్మ్ గెలుస్తుందని చాలామంది అనుకుంటే జనం గుట్టుగా ఒక్కటై వేల్స్ ప్రాంతీయ పార్టీ ప్లైడ్ కమ్రీని గెలిపించారు, 47 శాతంతో. లేబర్‌కి 11. అంటే ఫరాజ్ వద్దనేవాళ్ళు ఉన్నారు, బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళు లేబర్ దగ్గర నిలబడటం మానేశారంతే. 2025 చివర్లో, స్టార్మర్‌ని దించి గ్రేటర్ మాంచెస్టర్ మేయర్ ఆండీ బర్నమ్‌ని తెస్తే అంతా సర్దుకుంటుందన్నారు. అప్పటికి ఆయన అసలు ఎంపీయే కాదు, ముందు ఎక్కడో ఒక సీటు చూసుకోవాల్సి ఉండేది. ముఖం మార్చి ఉపన్యాసం అదే ఉంచితే బర్నమ్ వచ్చినా ఒకటే, ఇంకొకరు వచ్చినా ఒకటే.

పోయిన వారం ముసలాయనకు కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టల్ ఓటు మళ్ళీ దరఖాస్తు చేసుకోకపోతే పోతుందని. కూతురు దూరంగా ఉంటుంది, క్రిస్మస్‌కి గానీ రాదు. "నువ్వు నింపు మారా" అన్నాడు. మేనేజరుని అడిగి, నింపాను. పుట్టినరోజు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, అన్నీ ఆయన చెబుతుంటే నేను రాశాను. సంతకం మాత్రం ఆయనే పెట్టాలి, గడి దాటకూడదు. చెయ్యి వణుకుతోంది. మొదటి ఫారం పోయింది, రెండోది పోయింది, మూడోదానికి దిండు ఒళ్ళో పెట్టి దాని మీద ట్రే పెట్టి, మణికట్టు కింద నా చెయ్యి ఆసరాగా ఉంచితే గడిలో కుదిరింది. "మర్చిపోవద్దు, ఇది ముఖ్యం" అని రెండుసార్లు చెప్పాడు.

పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చి బయటపడ్డాను. బస్ స్టాప్ పక్కనే ఎర్ర పోస్టు డబ్బా ఉంది. బస్సు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. కవరు తీసి, అంచు సరిగ్గా అంటుకుందో లేదో బొటనవేలితో ఇంకోసారి అదిమి చూసి, డబ్బాలో వేశాను.