నత్తగుల్లల కోసం వెళ్తే ఆరుద్ర పురుగులు: మూడో ట్రిప్ నోట్స్

జూన్ చివరి ఆదివారం, రాళ్లలో శిలాజాలుగా మిగిలిన నత్తగుల్లల కోసం వికారాబాద్ దాటి పరిగి వైపు. ముందురోజు రాత్రి గట్టి వాన పడింది, అందుకే బయల్దేరాను. ఎండాకాలంలో వెళ్లిన రెండుసార్లూ దుమ్ము కొట్టుకుపోయిన రాళ్లన్నీ ఒకేలా కనిపించాయి. చెకుముకి రాయి తడిస్తేనే అందులోని గుల్లల గీతలు తెల్లగా తేలతాయి.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఒక లావా పొర చల్లారి, ఇంకోటి పారేలోగా మధ్యలో చెరువులు ఏర్పడ్డాయి. వాటి అడుగు బురద సిలికా పట్టి ఈ రాయిగా మారింది. 1988లో శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని ప్రకటించిన దక్కనోలెస్టిస్ అనే చిట్టెలుకంత జీవి పళ్లు దొరికింది ఈ పక్కనే, నస్కల్‌లో. నాకు కావాల్సింది ఆ చెరువుల్లో బతికిన ఫైసా అనే మంచినీటి నత్తలు.

సామాను: 10ఎక్స్ లెన్స్, నీళ్ల స్ప్రే బాటిల్, పాత టూత్‌బ్రష్, న్యూస్‌పేపర్లు. సుత్తి తీసుకెళ్లను. రైతులు చేలో ఏరి గట్టు మీద పోసిన కుప్పలే చాలు, అదీ అడిగాకే.

గంటన్నరకి ఒకటి దొరికింది, బొటనవేలి కొసంత. మొన పైకి పెట్టి చూస్తే నోరు ఎడమవైపు ఉంది. చాలా నత్తలకి కుడివైపు ఉంటుంది. ఫైసాకి ఇదే గుర్తు.

ఇంకో రాయి తిప్పబోతుంటే పక్కన మట్టి మీద ముఖమల్ ముక్క కదిలింది. ఆరుద్ర పురుగు! తలెత్తి చూస్తే చేనంతా అవే. ఎన్నేళ్లయిందో చూసి! రాళ్లు పక్కన పెట్టి బోర్లా పడుకున్నాను. లెన్స్‌లో ఒళ్లంతా ఒత్తయిన ఎర్రటి నూగు, ఎనిమిది కాళ్లు. అంటే కీటకం కాదు, సాలెపురుగుల చుట్టం. వేలు తగలగానే కాళ్లు ముడుచుకుని బొత్తాంలా అయిపోయింది. ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే ఉండి తొలివానలకి పైకొస్తుంది. అదే వానకి ఉసిళ్లూ లేస్తాయి, వాటిని తింటుంది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంటూ చేను తాత వచ్చాడు. చూపిస్తే నవ్వాడు. "ఇవి కనవడ్డయంటే ఇగ ఇత్తనాలేసుడే."

గట్టు చివర పగిలిన బోలు రాయి ఒకటి, లోపలంతా పంచదార పలుకుల్లా క్వార్ట్జ్. లావాలో గాలి బుడగ ఖాళీలో పేరుకున్నది.

ఇంటికొచ్చాక రెండు రాళ్లకీ చోటు, తేదీ రాసి చీటీలు అంటించాను. పురుగుల్ని ఫొటో తీసి అక్కడే వదిలేశాను. కార్తె ముగిసేలోగా ఇంకో వాన పడితే మళ్లీ వెళ్తాను. గజం చోటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఈసారి తాడు కూడా పట్టుకెళ్లాలి.