ఫిల్టర్ వేశాక కనిపించేవే లెక్కపెట్టాలంటే

శిక్షణ తరగతులకు పేర్లు ఇచ్చినవారి జాబితాలు చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం. ఒక్కో ఎక్సెల్ షీటులో వెయ్యికి పైగా వరుసలుంటాయి. ఫిల్టర్ వేసి ఒక విభాగాన్ని మాత్రమే చూస్తుంటే, కింద ఖాళీగా లేని గడులను లెక్కపెట్టే కౌంట్‌ఎ ఫార్ములా మాత్రం మొత్తం సంఖ్యనే చూపిస్తూ కూర్చుంటుంది. వరుసలు కంటికి కనబడకపోయినా షీటులోనే ఉన్నాయి కదా, దాని లెక్క దానిది. ఎక్సెల్ తెర అడుగున ఉండే స్టేటస్ బార్‌లో ఎన్ని రికార్డులు దొరికాయో కనిపించే మాట నిజమే, కానీ దాన్ని చూసి నివేదికలో చేత్తో ఎక్కించేవాళ్లంటే నాకు చిరాకు. ఫిల్టర్ మారితే ఆ అంకె పాతబడిపోతుంది.

దీనికి సబ్‌టోటల్ అనే ఫార్ములా ఉంది. మొదటి స్థానంలో 3 రాస్తే ఖాళీగా లేని గడులను, 2 రాస్తే అంకెలున్న గడులను మాత్రమే లెక్కపెడుతుంది. ఫిల్టర్ దాచిన వరుసలను ఎలాగూ వదిలేస్తుంది. మనం చేత్తో దాచిన వరుసలను కూడా వదిలేయాలంటే 103, 102 వాడాలి. నేను ఎప్పుడూ 103 రాస్తాను, ఎవరు ఏ వరుసను ఎందుకు దాచారో కనుక్కుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఈ ఫార్ములాను జాబితా కింద పెట్టకండి, శీర్షికల పైన, మధ్యలో ఒక ఖాళీ వరుస ఉంచి, రాయండి. ఖాళీగా కనిపించే గడిలో ఫార్ములా ఉంటే దాన్నీ లెక్కలో వేసుకుంటుందని గుర్తుంచుకోండి.

అసలు చిక్కు షరతుతో లెక్కించేటప్పుడు వస్తుంది. ఫిల్టర్ తర్వాత మిగిలినవారిలో 'హాజరు' అని ఉన్నవాళ్లు ఎందరు? షరతుకు సరిపోయే గడులను లెక్కపెట్టే కౌంటిఫ్ దాగిన వరుసలను కూడా కలిపేస్తుంది. సమ్‌ప్రొడక్ట్ లోపల సబ్‌టోటల్, దాని లోపల ఆఫ్‌సెట్ పెట్టి ఒకే ఫార్ములాతో తేల్చేవాళ్లున్నారు. మూడు నెలల తర్వాత తెరిచి చూస్తే రాసినవాళ్లకే అర్థం కాదు. నేనైతే పక్కన ఒక కాలమ్ తీసుకుని, ప్రతి వరుసలో ఆ వరుసలోని పేరు గడికి సబ్‌టోటల్ 103 పెడతాను. వరుస కనిపిస్తే 1, దాగితే 0 వస్తుంది. ఆ తర్వాత కౌంటిఫ్స్‌లో ఆ కాలమ్ 1, హాజరు కాలమ్ 'హాజరు' అని రెండు షరతులు ఇస్తే సరిపోతుంది.

ఇక్కడ ఎక్సెల్‌ది ఒక వింత అలవాటు. జాబితా చివరి వరుసలో సబ్‌టోటల్ కనబడితే అది మొత్తాల వరుస అనుకుని, ఏ ఫిల్టర్ వేసినా దాన్ని దాచదు. సంబంధం లేని ఒక పేరు అడుగున వేలాడుతూనే ఉంటుంది. అందుకే ఆ కాలమ్‌లో చివరికి సబ్‌టోటల్ బదులు అగ్రిగేట్ అనే ఫార్ములా వాడతాను: మొదట 3, తర్వాత దాగిన వరుసలను వదిలేయమని చెప్పే 5, ఆపైన ఆ వరుసలోని పేరు గడి. ఇది ఎక్సెల్ 2010 నుంచి ఉంది, చివరి వరుస కూడా బుద్ధిగా దాక్కుంటుంది.